పర్మిట్టు వెనక పేజీ

మా లోయలో ఎవరైనా వాగులో పార దించాలంటే ముందు ఆర్డిస్ వంటింట్లో కూర్చుని కాఫీ తాగాలి. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ పాల ట్యాంకరు తోలుతున్నాను, ఆ వరస మారడం నేను చూడలేదు. తూము కింద రాళ్ళు తియ్యాలన్నా, పశువులు దాటే చోటు సరిచెయ్యాలన్నా పర్మిట్టు కావాలి. ఆ కాగితాలు నింపేది ఆర్డిస్. డెబ్బై దాటిన మనిషి, మొగుడు పోయాక అరవై ఆవుల్ని ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. వాగు పొడుగునా మూడు డెయిరీలకీ కలిపి ఒకటే ప్రొక్లెయిన్. దాని తాళంచెవి కూడా ఆవిడ వంటింటి మేకుకే ఉంటుంది, ఎందుకంటే తేదీ తప్పనిది ఆవిడొక్కతే.

తేదీ అంటే సెప్టెంబరు పదిహేను. ఆ తర్వాత సాల్మన్ చేపలు సముద్రం నుంచి వాగెక్కి గులకరాళ్ళలో గుడ్లు పెడతాయి. ఇక వాగులో చక్రం దిగకూడదు.

కిందటేడు అక్టోబరు చివరి వానలకి కొండ మీది రాళ్ళు కొట్టుకొచ్చి గార్త్ పొలంలో తూము సగం మూసేశాయి. గార్త్‌ది ఆవిడ పక్క డెయిరీ. అతని దూడల కొట్టం ఆ తూముకి పాతిక గజాల్లోనే. అతను ఆర్డిస్ వంటింటికి పరుగున వచ్చేసరికి నేనక్కడే ఉన్నాను.

"ఆర్డిస్, తాళం ఇటియ్యి. రెండు గంటల పని."

"తేదీ దాటి నెలన్నరయింది గార్త్."

"చేపలకి క్యాలెండరు నువ్వే చదివి వినిపిస్తున్నావా ఏంటి?"

"వెటకారం ఆపు. అక్కడ గుడ్లున్నాయి. పైగా ముగ్గురి పర్మిట్టూ ఊడుతుంది."

"వచ్చేవారం పెద్ద వానంటున్నారు. నా దూడలు మునిగితే?"

"కొట్టం ఖాళీ చెయ్యి."

"ఎక్కడికి తోలను, నీ వంటింట్లోకా?"

"నా షెడ్డులో పది పడతాయి. తోలుకురా."

తిట్టుకుంటూనే పదింటిని తోలుకొచ్చాడు. చోటు లేక పదకొండు కొట్టంలోనే మిగిలాయి. వారం తిరక్కుండా, మధ్యాహ్నం పాలు తీస్తున్న వేళ, తూము పట్టక నీళ్ళు వెనక్కి తన్నాయి. గార్త్ నడుంలోతు నీళ్ళు తోసుకుంటూ వెళ్ళేసరికి పదకొండూ పోయాయి. ఆ సాయంత్రం నా ట్యాంకరుకి గేటు తీయడానికి కూడా అతను రాలేదు.

తర్వాత వాగు చూడటానికి పర్మిట్లిచ్చే ఆఫీసు నుంచి నోరీన్ అనే ఆఫీసరమ్మ వచ్చింది. ఆర్డిస్ వంటింట్లోనే, మెల్లగా, నొప్పించకూడదన్నట్టే అంది. "ఒక్క ఫోను చెయ్యాల్సింది. పశువులకి ప్రమాదమైతే అప్పటికప్పుడే వచ్చి, గుడ్లున్న చోటు గుర్తుపెట్టి, మిగతాది తవ్వుకోమంటాం. ఈ ఏడాది నుంచి ఆ సంగతి పర్మిట్టు వెనక పేజీలో ఉంది."

ఆర్డిస్ సొరుగు లాగింది. అయిదేళ్ళకోసారి మార్చే పర్మిట్టు అది, ఏప్రిల్లో వచ్చింది. అంతా కంఠతా వచ్చుగదా అని మొదటి పేజీ మీద సంతకం చేసి లోపల పడేసింది. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని వెనక్కి తిప్పింది. నోరీన్ చెప్పిన ముక్క అక్కడే ఉంది.

నోరీన్ వెళ్ళాక నేనే అన్నాను. "గార్త్ కాగితం ముట్టడు. అతనికెవరు చెప్తారు? ఊరుకో."

"నా షెడ్డులో అతని దూడలు పదున్నాయి. రోజూ వాటికి ఏ మొహంతో పాలు పొయ్యమంటావు?"

నా బండిలోనే గార్త్ ఇంటికి తీసుకెళ్ళాను. ఆవిడ కాగితమిచ్చి, చదవలేదని చెప్పింది. గార్త్ గుమ్మంలోనే నిలబడి చదివాడు.

"ఎంతసేపు పట్టేది ఆ ఫోను?"

"పది నిమిషాలు."

అతను కాగితం మడిచి ఆవిడ చేతిలో పెట్టి తలుపేసుకున్నాడు. అరిచినా బాగుండేది.

ఈ జూలైలో తాళం కోసం గార్త్ మళ్ళీ వచ్చాడు. రాక తప్పదుగా, ఉన్నది ఒకటే ప్రొక్లెయిన్. గడప దాటలేదు. ఆర్డిస్ కాగితం పట్టుకుని, వెనక పేజీ చివరి మాటదాకా వేలు పెట్టి అతనికి చదివి వినిపించింది. అతను తాళం తీసుకుని వెళ్ళిపోయాడు. బల్ల మీద అతని కోసం పోసిన కాఫీ చల్లారిపోయింది.