పాత తాడు ముందే లాగేశాను

మా ఆయనా, ఆయన ఆఫీసు స్నేహితుడూ కలిసి ఒక పాత తెరచాప పడవ కొన్నారు. అది తిరువొత్తియూరు సముద్రతీరంలో ఇసుక మీద ఉంటుంది. ఐదేళ్ల మా మిన్నును అందులో ఎక్కిస్తానని ఆయన మాటిచ్చేశారు. తెరచాపను పైకి లాగే తాడు పీచులు లేచి ఉండడం ఫోటోలో చూసి, "తాడు మార్చేదాకా నా పిల్ల ఎక్కదు" అన్నాను. అందుకు ఏడాదైనా పడుతుందని నా ఆశ. ఆయన ఆరు రోజుల్లో తాళ్ల పని తెలిసిన శెట్టిగారిని కుదిర్చారు.

ఆదివారం ఉదయం ఆరు నలభైకి వేళచ్చేరిలో రైలెక్కాం. బీచ్ స్టేషన్‌లో గుమ్మిడిపూండి బండికి మారాలి. ఆదివారం బండ్లు తక్కువ, కాబట్టి ఇడ్లీలు కట్టుకెళ్లడం మంచిది. నేను ఇడ్లీలతోపాటు మూడు లైఫ్ జాకెట్లు, నాలుగు తువ్వాళ్లు, ఒక విజిల్ కూడా పట్టుకెళ్లాను. ఎదురుగా కూర్చున్న పూలమ్మే ఆవిడ నా సంచులు లెక్కపెట్టింది.

"ఏమ్మా, ఇల్లు మారతా ఉండారా?"

"లేదమ్మా, సాయంత్రానికి వచ్చేస్తాం."

ఎనిమిదింబావుకు తొండియార్‌పేటలో దిగాం. శెట్టిగారి కుటుంబం మూడు తరాలుగా అక్కడ పడవలకు తాళ్లు అమ్ముతోంది. ఆయన కాఫీ ఇప్పించి, కొత్త తాడు చుట్ట భుజాన వేసుకుని మాతో ఆటో ఎక్కారు. పడవ దాకా నూట యాభై.

ముందు తాడు చివర ఒక కన్ను, అంటే ఊడిరాని ఉంగరంలాంటి మెలిక, చేయాలి. తెరచాప కొక్కెం తగిలేది దానికే. ముడి వేయకూడదు. చివర మూడు పురులూ విప్పి, తాడును వంచి, ఆ పురులను ఒక్కొక్కటిగా తాడులోకే దూర్చి బిగించాలి. వారమంతా వీడియోలు చూసిన మా ఆయన మొదట కూర్చున్నారు. పావుగంట తర్వాత శెట్టిగారు వంగి చూశారు.

"సార్, ఇది తాడా, సేమ్యానా?" అని, నా వైపు తిరిగి, "పాపకు జడ ఎవురేసేది?" అన్నారు.

"నేనేనండీ."

"అయితే నువ్వు రామ్మా ఈడికి."

రెండోసారికే కన్ను కుదిరింది. మగవాళ్లిద్దరూ టీకి వెళ్లారు. ఆ గర్వంలో, తెరచాప కొయ్య మీద వేలాడుతున్న ఆ పీచులు లేచిన పాత తాడు చూడలేక, దాన్ని కొయ్య చివరి గిలకలోంచి పూర్తిగా లాగేసి చక్కగా చుట్టిపెట్టాను.

శెట్టిగారు వచ్చి కొయ్య చివరకు చూశారు. "పాత తాడేదమ్మా?"

"తీసేశానండీ."

"తీసేసినావా! కొత్తదాని తోకను దానికి కుట్టి కదా లాగాల? పాతదే కదమ్మా కొత్తదానికి దారి సూపించేది. ఇప్పుడు పైకెవురు ఎక్కేది? నువ్వెక్కతావా?"

మా ఆయన నవ్వాపుకుంటూ, "నిజం చెప్పు, కావాలనే చేశావు కదూ?" అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే మిన్ను నవ్వలేదు. "అమ్మ నన్ను ఎప్పుడూ ఎక్కనివ్వదు" అని జాకెట్ విప్పేసి నా ముందు పడేసింది. కావాలని చేయలేదని ఒట్టు వేయబోయాను. నా మీద నాకే పూర్తి నమ్మకం కుదరలేదు.

పక్క పడవల దగ్గర వలలు బాగుచేస్తున్న నలుగురిని నేనే వెళ్లి బతిమాలాను. వాళ్లు పడవను ఇసుక మీద పక్కకు ఒరిగించి, కొయ్య చివర నా చేతికందేలా పట్టుకున్నారు. నేను మోకాళ్ల మీద కూర్చుని, కొయ్య చివరి గిలకలోకి కొత్త తాడు దూర్చాను. మిన్ను వచ్చి రెండో వైపు నుంచి తోక పట్టుకుని లాగింది. పడవ నిలబడేసరికి పన్నెండున్నర. మేం తెచ్చిన ఇడ్లీలు ఎనిమిది మందిమి పంచుకున్నాం.

మూడింటికి గాలి కుదిరింది. "కన్ను అల్లినామె ముందర ఎక్కాల. మా తాత కాలం నుంచి అదే రూలు" అన్నారు శెట్టిగారు. ఆ రూలు అప్పుడే పుట్టిందని నా అనుమానం. అయినా ఎక్కాను, నా వెనకే జాకెట్ వేసుకుని మిన్ను. ఇరవై నిమిషాలు సముద్రంలో తిరిగాం. నేను సముద్రాన్ని చూడలేదు, పైన ఆ కన్నునే చూస్తూ కూర్చున్నాను. అది కదల్లేదు.

ఐదుంబావుకు తిరుగు బండి ఎక్కాం. తువ్వాళ్లన్నీ పొడిగానే ఉన్నాయి. మిన్ను నా ఒళ్లో తల పెట్టుకుని, "వచ్చే ఆదివారం కూడానా?" అంది.

"తెరచాపను పక్కకు తిప్పే తాడు కూడా అరిగింది. ముందు అది మార్చాలి" అన్నాను.

"ఇంకో ఏడాదన్నమాట" అన్నారు మా ఆయన.

"కాదు. ఈసారి ముందు కుట్టి, తర్వాత లాగుతాను."