గచ్చకాయకు పదమూడు చింతగింజలు

నిన్న మా తిరువళ్ళూరు ఇంట్లో కోడలు కొత్త చింతపండు పొట్లం విప్పగానే ఆ పులుపు వాసనకు నోరూరడం అటుంచి, నాకు ప్రధానమంత్రులు గుర్తొచ్చారు. నవ్వకండి, చెబుతాను.

చిన్నప్పుడు తిరుత్తణిలో మా అవ్వ ఎండాకాలమంతా వాకిట్లో చింతపండు కొట్టించి, గింజలన్నీ పిల్లలమైన మాకు వదిలేసేది. పట్టాభిరాంలో రైల్వే ఉద్యోగం చేసే మా మామ పేపరు చూసి ఏ దేశానికి ఎవరు ప్రధానో, ఏ డబ్బుకు మన రూపాయలెన్నో చెప్పేవాడు. ఆ రెండూ కలిపి మేం కట్టుకున్నదే దేశాలాట. చింతగింజ రూపాయి, నల్లటి కుంకుడుగింజ డాలరు, బూడిదరంగులో నున్నగా మెరిసే గచ్చకాయ ఇంగ్లండు పౌను. చిల్లర అటూ ఇటూ సర్దేస్తే కుంకుడుగింజకు ఐదు చింతగింజలు, గచ్చకాయకు పదమూడు. మగపిల్లలు తలా ఒక దేశానికి ప్రధానులై అరుగెక్కి కూర్చుంటే, ఆడపిల్లలం కింద నిలబడి గింజలు ఏరి అందించాలి. ఒక్కసారైనా ఆ అరుగెక్కాలని, ఒక దేశం నాది కావాలని నా ప్రాణం కొట్టుకునేది.

అడిగితే మామ కొడుకు, మా అందరిలోకీ పెద్దవాడైన బావ, ఎగతాళి చేసేవాడు.

"ఆడది ప్రధాని అయిన దేశం యాడుందో చూపీ మే, ఆ పొద్దే దిగిపోతా!"

చూపడానికి నిజంగానే లేదు. మామనడిగినా తల అడ్డంగా ఊపాడు. ఏడుపు ముంచుకొచ్చేది.

అది 1960. ఆ ఏడాదే మా ఊరు ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారింది. ఉగాదికి ఒక ముఖ్యమంత్రి, వారం తిరక్కుండా ఇంకొకరు. ఊరి ఏలిక మారినా నాకో దేశం రాలేదే అని కుళ్ళుకున్నాను.

మా కొండమీది స్వామికి పెద్ద పండుగ, ఆడికృత్తిక వచ్చింది. కొండదారంతా పూలకావళ్ళు, కర్పూరం పొగ, అరోహరా కేకలు. ఇంట్లో నేతిలో వేగే జీడిపప్పు, పొదటూరుపేట నుంచి దిగిన చుట్టాలు, కాలు పెట్టే చోటు లేదు. అరుగు మీద ఆట జోరుగా ఉండగా, రైలు దిగిన మామ చంకలో పేపరుతో వచ్చి, సంచి కింద పెట్టకముందే నన్ను పిలిచాడు.

"మే పాపా, సిలోన్లో ఒకాయమ్మ ప్రధాని అయినాది! పేపర్లో వేసినారు."

"అయ్యో, ఆయమ్మ ఇంట్లో సంగటి ఎవురు కెలుకుతారో!" అంది అవ్వ. ఆ వెంటనే బావ వైపు తిరిగింది. "ఏంరా అబ్బోడా, ఇంగా కూసోనుండావే? మాటంటే మాటే. దిగు!"

బావ మొహం మాడిపోయింది. గొణుక్కుంటూనే దిగాడు. పరికిణీ ఎత్తిపట్టుకుని నేనెక్కాను. అబ్బ, ఏం సంతోషం అది! తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా అంత పొంగిపోలేదు. గొంతు సవరించుకుని మొదటి ఆర్డరు వేశాను.

"కింద నిలబడినోళ్ళంతా పైకి రాండి. తలా ఒక దేశం!"

ఆ సాయంత్రం లోకం మొత్తానికి ఒక్క ఆడ ప్రధాని ఉంటే, మా అరుగు మీద చోటు చాలనంతమంది ఉన్నారు.

ఇప్పుడా అరుగు లేదు, కొండకొచ్చే భక్తుల కోసం అక్కడ లాడ్జి లేచింది. గచ్చకాయ ఎలా ఉంటుందో తెలిసిన పిల్లలూ లేరు. ఆ రోజు నాతో అరుగెక్కినవాళ్ళలో మా బర్మా పోయినేడు కన్నుమూసింది. జపాను చిత్తూరులో మోకాళ్ళ నొప్పులతో ఉంది. ఫోనెత్తితే ఇప్పటికీ, "ప్రధానిని మాట్లాడతా ఉండా" అనే మొదలుపెడుతుంది.