సున్నం తగలని డబ్బా

దయ్యాలూ దిష్టీ నేను నమ్మను. ఇది రాసిన తర్వాత కూడా నమ్మను. ఏడో తరగతితో బడి మానేసినా, ఆర్మూరు గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలున్న బీరువాల్లో నేను తెరవనిది లేదు. బీడీలు చుట్టి, లెక్క అప్పజెప్పి, సాయంత్రం అక్కడ కూర్చునేదాన్ని. వైద్యం, వ్యవసాయం, రసాయన శాస్త్రం, ఏది దొరికితే అది చదివాను. అందుకే జరిగింది జరిగినట్టు రాయగలననుకుంటున్నాను.

ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం. పసుపు ఉడకబెట్టడం అయిపోయి, ఊరంతా ఎండిన కొమ్ముల వాసన. మా సుజాతకు ఆరేళ్లు. జ్వరం వచ్చి తగ్గింది, తర్వాత కళ్లు పసుపుబారాయి. కామెర్లు. దవాఖానలో డాక్టరు నూనె మానిపించి, గ్లూకోజు నీళ్లు తాగించమని, పడుకోబెట్టమని చెప్పాడు. దీనికి ఇంతకంటే మందు లేదు, దానంతట అదే తగ్గుతుందన్నాడు.

మా అత్తమ్మకు ఆ మాట సరిపోలేదు. వేల్పూరు వైపు నుంచి ఒక నాటు మందాయనను పిలిపించింది. ఆయన గుంటగలగర మొక్కలు వేళ్లతో సహా తెచ్చిచ్చాడు. రోజూ పచ్చి ఆకు నూరి మజ్జిగలో ఇవ్వాలి, పసుపుబారిన ఆకు పనికిరాదు. ఎండలకు పొలం గట్ల మీద ఆ మొక్క మాడిపోయింది, ఇంకెక్కడా దొరకదు. బయట పెడితే మేకలు వదలవు. నూనె డబ్బాల్లో మట్టి నింపి లోపలి గదిలో నాటాము. ఆ మొక్క కాలేయానికి మంచిదని నేను కూడా చదివి ఉన్నాను కాబట్టి అడ్డుచెప్పలేదు.

ఆయన ఇంకోటి కూడా చేసేవాడు. రోజు విడిచి రోజు వచ్చి పిల్ల చేతులకు సున్నం రాసి, పళ్లెంలో తన చేతులతో కడిగేవాడు. నీళ్లు పసుపయ్యేవి. కామెర్లు దిగుతున్నాయని అత్తమ్మ దండం పెట్టేది. మామిడి బెరడు రసం ముందే చేతికి పూసుకుంటే సున్నం తగలగానే నీళ్లు పసుపవుతాయని నాకు తెలుసు. చెప్పాను.

"బుక్కులల్ల అన్నీ ఉంటయి, నా మనుమరాలి పానం ఉంటదా?" అంది.

ఇంతలో మొక్కలు వాడాయి.

ఆకు చూడటం నాకు కొత్త కాదు. బీడీలు చుట్టే తునికాకు కట్టలో పుచ్చు ఆకు వేలు తగిలితేనే తెలుస్తుంది. మట్టిలో వేలు గుచ్చాను. తడిగానే ఉంది, పుల్లటి వాసన. డబ్బాలకు చిల్లుల్లేవు. మేకుతో కొట్టాను. వాడటం తగ్గింది కానీ కింది ముదురాకులు పసుపుబారాయి. అది ఆకలి. మేకల ఎరువు నీళ్లలో నానబెట్టి పోశాను. కాడలు సన్నగా సాగుతుంటే కిటికీ దగ్గరికి జరిపాను. నా పొగాకు చాట దుమ్ము పడుతోందేమోనని బీడీల పని వంటింట్లోకి మార్చుకున్నాను.

అయినా చిగురాకులు పసుపుగానే వస్తున్నాయి. ఆకంతా పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. నూరడానికి రోజుకు గుప్పెడు ఆకు కూడా దొరకడం లేదు. గ్రంథాలయానికి పరుగెత్తి వ్యవసాయ పుస్తకం తీశాను. చిగురుకు ఇనుము అందడం లేదు, మట్టిలో సున్నం ఎక్కువైతే ఇట్లా అవుతుంది అని ఉంది. సున్నం ఎక్కడిది?

"అత్తమ్మా, పిల్ల చేతులు కడిగిన నీళ్లు యాడ వోస్తున్నవ్?"

"యాడ వోస్త బిడ్డా? కామెర్ల నీళ్లు మనిషి తొక్కొద్దంటరు. వాకిట్ల వోస్తె తొక్కుతరు, మోరి కాడ వోస్తె తొక్కుతరు. ఇంట్ల ఎవ్వలు తొక్కని జాగ గా డబ్బలే గద."

నవ్వాను. చాలా రోజుల తర్వాత నవ్వాను. మా ఆయనతో చెరువు మట్టి తెప్పించి, బతికిన మొక్కలను కొత్త డబ్బాల్లో, కొత్త మట్టిలో నాటాను. చేతులు కడిగే తంతు మానిపించాను. మందాయన అలిగి రావడం మానేశాడు. వారం తిరగకుండా ఆకులు నిగనిగలాడాయి.

పిల్ల మాత్రం కుదేలైంది. అప్పటిదాకా కొంచెం తేరుకున్నదల్లా మళ్లీ వాంతులు, కళ్లు పసుపు కొమ్ము విరిచినట్టు. నూరి ఇచ్చింది ఇచ్చినట్టే కక్కేది. కామెర్లు ఒక్కోసారి తిరగబెడతాయని డాక్టరు అన్నాడు, పొద్దునకల్లా నిజామాబాద్ తీసుకుపొమ్మన్నాడు. మా ఆయన జీపు మాట్లాడటానికి పోయాడు. పిల్ల పిలిస్తే పలకడం లేదు.

అత్తమ్మ గడప మీద కూర్చుంది. "చెట్లను బాగుజేసినవ్, పోరిని పండవెట్టినవ్. ఆ పసుపు యాడికన్న పోవాలె గద. నువ్వు పోనియ్యలే."

నా దగ్గర జవాబు ఉంది. కానీ పిల్ల ముఖం చూసి, లేచి బిందె దగ్గరికి పోయాను.

అప్పుడు చేసిన పని ఎందుకు చేశానో ఇప్పటికీ తెలియదు. ఏమీ కాదని ఆమెకు చూపించాలనో, ఏదైనా అయితే బాగుండుననో. బిందెలోంచి ఒక చెంబు నీళ్లు తీసుకున్నాను. సున్నం లేదు, బెరడు లేదు. సుజాత చేతులు పళ్లెంలో కడిగాను. నీళ్ల రంగు మారలేదు. వాటిని కిటికీ కింద ఉన్న ఒక డబ్బాలో పోశాను. అదే బిందెలోంచి ఇంకో చెంబు తీసి, పిల్లకు తగలనివ్వకుండా పక్క డబ్బాలో పోశాను. రెంటిలో ఒకే మట్టి, రెంటికీ ఒకే వెలుతురు. తేడా తెలియాలంటే అట్లాగే చేయాలని చదివాను.

పొద్దున సుజాత గొంతు విని ఉలిక్కిపడ్డాను.

"అమ్మా, ఆకలైతుంది. సల్ల బువ్వ వెట్టు."

అన్నం కలపడానికి లేస్తూ కిటికీ వైపు చూశాను. చేతులు కడిగిన నీళ్లు పోసిన డబ్బాలో మొక్క పసుపుబారింది. ఆకంతా పసుపు, ఈనెలు ఆకుపచ్చ. పక్క డబ్బాలో మొక్క పచ్చగా ఉంది. ఇనుము అందకపోతే కొత్తగా వచ్చే ఆకు మెల్లగా పసుపవుతుంది. నిన్న పచ్చగా చూసిన ముదురాకు తెల్లారేసరికి ఇట్లా కాదు.

అత్తమ్మ కూడా చూసింది. నా చేతిలో చెంబు పెట్టింది.

నిజామాబాద్ తీసుకుపోయాం. కామెర్లు దిగుతున్నాయని అక్కడి డాక్టరు చెప్పాడు. తిరిగొచ్చాక రోజూ ఉత్త నీళ్లతో పిల్ల చేతులు కడిగి అదే డబ్బాలో పోశాను. సుజాత కళ్లు తెల్లబడేనాటికి ఆ మొక్క కాడతో సహా ఎండిపోయింది. రెండో మొక్క వానాకాలం దాకా పూలు పూసింది.

చాలా ఏళ్లకు ఒక వ్యవసాయాధికారి గ్రంథాలయంలో కలిస్తే ఆ మొక్క లక్షణాలన్నీ చెప్పాను. "సున్నం ఎక్కువైందమ్మా" అన్నాడు. సున్నం వేయలేదన్నాను. "అయితే ఇట్ల గావద్దు" అన్నాడు. నేను కూడా అదే అంటాను. కామెర్లు వాటంతట అవే తగ్గి ఉంటాయి, డాక్టరు ముందే చెప్పాడు. పిల్ల సంగతి అట్లా సర్దుకోగలను. మొక్క సంగతే సర్దుకోలేకపోతున్నాను.

మొక్క పసుపుబారితే ముందు మట్టి చూడాలి, తర్వాత వేరు చూడాలి అని పుస్తకంలో ఉంది. అడిగిన వాళ్లందరికీ అదే చెబుతాను. మా ఇంట్లో మాత్రం ఏ కుండీలో ఆకు పసుపుబారినా, నేను ముందు వెళ్లి చూసేది సుజాత కళ్లు.