పన్ను పీకేటప్పుడు వాల్యూమ్

మా రామభద్రరావు డాక్టర్‌కు ఉన్నది ఒక్కటే పిచ్చి: పేగన్ మెటల్, ఫోక్ మెటల్ పాటలు. అంటే ఏందని ఆయన్ను అడగకుండ్రి. పదకొండేండ్ల కింద నేను ఒక్కసారి అడిగిన. ఇంకా చెప్తనే ఉన్నడు.

రాంగోపాల్‌పేట్‌ల ఆయనది పండ్ల దవాఖాన. ముందుగదిల కూసోని చీటీలు రాసేది నేను. నా పేరు హదస్సా. ఆదివారం చర్చిల కీర్తనలు పాడుత. సోమవారం నుంచి శనివారం దాకా ఎక్కడో మంచుదేశపోళ్లు ఉరుముల దేవుణ్ని పిలుసుకుంట పెట్టే బొబ్బలు వింట. నా ఓపికకు పరలోకంల డ్యూప్లెక్స్ ఇల్లే కడుతుండొచ్చు.

"ఇది గోల కాదమ్మా," అంటడు డాక్టర్. "జాగ్రత్తగా విను. ఫిడేలుంది, పిల్లనగ్రోవి ఉంది, డోలుంది. అడవినీ, వాననూ కొలిచే పాత జానపదం. దానికి గిటారు తగిలించారంతే."

"మరి ఆ గొంతేంది సార్? దగ్గుమందు ఎవ్వరు రాసియ్యలేదా?"

"ఆ గొంతు రావాలంటే పదేళ్ల సాధన కావాలి!"

"చెడగొట్టుకోనీకి గన్నేండ్లా?"

తెల్లకోటు కింద నల్ల టీషర్టు. దాని మీద బ్యాండు పేరు, దువ్వెనకు చిక్కుకున్న ఎంటికల లెక్క ఉంటది. "చదవండి చూద్దాం," అని నోట్ల దూది పెట్టుకున్న పేషెంట్లను అడుగుతడు. చాయ్ తాగేదేమో ఆ పాటలోళ్ల లెక్క ఎద్దు కొమ్ముల. ఆన్‌లైన్‌ల తెప్పించిండు, నిజం కొమ్మే. దాన్ని బల్ల మీద నిలబెట్టరాదు కదా! చాయ్ అయిపోయేదాక చేతిల పట్టుకొనే ఉంటడు. అప్పటిదాక పేషెంటు నోరు తెరుసుకొని చూస్తుంటడు.

ఒకసారి బోనాలప్పుడు కింద రోడ్డు మీద డప్పులు షురూ అయినయ్. ఒక బ్యాంకు మేనేజర్ నోట్ల పండ్ల కొలత తీసే ముద్ద పెట్టి, "రెండే నిమిషాలు" అని ఉరికిండు మా డాక్టర్. అరగంట పత్తా లేడు. కింద ఈయన కొరడా పట్టుకొని ఆడే పోతరాజు ఎనక తల ఊపుతుంటే, పైన మేనేజర్ నోట్ల ముద్ద గట్టిపడి కూసుంది. "మన పోతరాజుకు గిటారొక్కటే తక్కువ హదస్సా!" అని మురుసుకుంట వచ్చిండు. మేనేజర్ తిడదామనుకున్నడు గానీ నోటి నిండ ముద్దాయె.

అన్నిటికన్న పరేషాన్ వాల్యూమ్‌తోటి. మామూలుగ పాట చిన్నగనే పెడతడు. కొందరిని కుర్చీల కూసోబెట్టంగనే మాత్రం గోడలదిరేటట్టు పెంచుతడు. కింద టైలర్ వచ్చి నాతోని లొల్లి.

"జెర తగ్గియ్యుండ్రి సార్," అని లోపలికి పోయి అడుగుత నేను.

"కొన్ని పాటలు గట్టిగానే వినాలమ్మా."

ఈ యేడు మా డాడీ అబ్రహాంకు దవడ పన్ను పుచ్చిపోయింది. రైల్వేల గార్డుగ చేసి రిటైరైన మనిషి. మత్తు లేకుండ ఏడు కుట్లు ఏయించుకున్న, కిక్కురుమనలే అని మా కాప్రా గల్లీల అందరికి చెప్పుకుంటడు. అసలు సంగతి ఏందంటే, సూదిని చూస్తెనే బయటికి ఉరుకుతడు. ఆరు రోజులు జావ తాగిండు గానీ పన్ను పీకించుకోనీకి రానంటే రానన్నడు.

"నొప్పికి కాదు బిడ్డా," అన్నడు ఆఖరికి, నా మొఖం చూడకుండ. "అందరు వినంగ అరుస్తనేమోనని."

పోయి డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పిన. "తీసుకురా," అన్నడు, గంతే.

తీస్కపోయిన రోజే బెంచీ మీద అక్బర్ బీ! మా గల్లీనే. ఆమె సుత పన్ను తీయించుకోనీకే వచ్చింది. ఆమె చెవిల పడ్డదంటే కాప్రా చెరువుల చేపలకు సుత తెలుస్తది. డాడీ ఆమెను చూసుడుతోనే మెట్ల దిక్కు తిరిగిండు. డాక్టర్ బయటికొచ్చి చెయ్యి పట్టుకున్నడు.

"రండి అబ్రహాం గారూ. మీకో పాట వినిపించాలి."

తలుపు మూసిన్రు. గోడలదిరినయ్. నాకు ఒళ్లు మండింది. ముసలాయన పానం పోతుంటే ఈయనకు పాటలు కావాల్నా! తలుపు కొడదామని దగ్గరికి పోయిన. డోళ్ల నడుమ, ఆ బొబ్బల నడుమ ఇంకో బొబ్బ వినబడ్డది.

"యేసయ్యా! ఓ యేసయ్యా! నా పానం పోయిందిరో!"

ఉరుముల దేవుణ్ని పిలిచే పేగన్ పాటల యేసయ్య ఎందుకొస్తడు?

లేపిన చెయ్యి లేపినట్టే ఉండిపోయింది. పదకొండేండ్లల్ల ఆ తలుపెనక ఎంతమంది అరిచిన్రో, ఎంతమంది ఏడ్చిన్రో! అది ఫలానోళ్ల గొంతని బయట ఒక్కరికి సుత తెల్వలే. నేనేమో రోజూ పోయి తగ్గియ్యుమని మొత్తుకున్న. మస్తు సిగ్గనిపించింది.

పాట ఆగింది. డాడీ బయటికొచ్చిండు. నోట్ల దూది, కండ్లు ఎర్రగున్నయ్, ఛాతీ మాత్రం ముందుకే.

"క్యా ఆవాజ్!" అన్నది అక్బర్ బీ. "డాక్టర్ సాబ్, ఆఖర్ల పాడినోడు ఎవరు? ఆయన గొంతుల ఎంత దర్ద్ ఉన్నది!"

డాక్టర్ రెప్ప సుత కొట్టలే. "కొత్త గాయకుడమ్మా. ఇవాళే మొదటిసారి పాడాడు."

"మంచిగనే పాడిండు," అన్నడు డాడీ దూదిల నుంచి.

తర్వాత నంబర్ అక్బర్ బీది. లేచింది గానీ సంచిని ఎదకు అదుముకున్నది. తలుపు దాకా పోయి నిలబడ్డది. నేను కుర్చీల నుంచే అరిచిన.

"సార్, జెర గట్టిగ పెట్టుండ్రి! నాకు ఇక్కడ సరిగ్గ వినబడతలేదు."