సర్కారు మంచం

మొన్న నిండు నెలల మనవరాలిని తీసుకుని ఆసుపత్రికి వెళ్తే, గుమ్మంలోనే ఫినాయిలు వాసన గుప్పుమంది. అందరూ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. నాకది సీతారావమ్మగారి వాసన. అరవైల చివర్లో పాతపట్నం దగ్గర మా ఊరికి వచ్చిన మొదటి నర్సమ్మ ఆవిడ. పొందూరు ఆడపడుచు. ఎప్పుడూ తెల్ల ఖద్దరు చీరే. ఎంతటివాడినైనా మొహం మీదే అడిగేసే మనిషి.

ఆ ఏడే మా ఊరి పురుళ్ల కేంద్రానికి ప్రభుత్వం గ్రాంటిచ్చింది. దాని కింద ఒక ఇనుప మంచం, పనిముట్లు ఉడకబెట్టే డబ్బా, మందుల పెట్టె బండి మీద వచ్చాయి. దిగింది మాత్రం పంచాయతీ ప్రెసిడెంటు నాయుడుగారింట్లో. భవనం కట్టేదాకా భద్రంగా ఉంచుతానన్నాడాయన. భవనం పునాది దాటలేదు, మంచం మీద ఆయన చుట్టాలు కునుకు తీస్తున్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా! బడి పక్కన కారే గదిలో, నేల మీదే పురుళ్లు పోస్తూ ఆవిడ మూడుసార్లు వెళ్లి మంచం అడిగారు. మూడుసార్లూ మజ్జిగిచ్చి పంపేశారు.

నా తొలి బిడ్డ మా ఇంటి వెనక చీకటి గదిలో మట్టినేల మీద పుట్టి, వారం తిరక్కుండా ధనుర్వాతంతో పోయింది. మా అత్త ‘రాత’ అంది. నేనూ అలాగే అనుకున్నాను. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు ఆ మాటే అంటే సీతారావమ్మగారు మండిపడ్డారు.

“రాత కాదే, మురికి! రాతనుకుంటే నోరు మూసుకుంటావు. మురికనుకుంటే కడగమని అడుగుతావు.”

నొప్పులు మొదలైన రోజు జోరువాన. కేంద్రం గదిలో చీలమండల దాకా నీళ్లు. ఆవిడ నన్ను ఎడ్లబండి ఎక్కించి తిన్నగా నాయుడుగారింటికి తోలించారు. నాయుడుగారు అరుగు మీంచి దిగ్గున లేచారు.

“ఏటమ్మా ఇది? మా ఇంటికి పురిటి మైల అంటగడతావేటి?”

“మంచం మా కాడికి రానేదు బాబూ, మేవే మంచం కాడికొచ్చినాం. సర్కారు మంచం ఎక్కడుంటే సర్కారాసుపత్రి అక్కడే.”

నాకు సిగ్గుతో, భయంతో ప్రాణం పోయినంత పనైంది. “ఇంటికెల్పోదామమ్మా” అని ఏడ్చాను.

“ఏడవకు. నీదే నువ్వడుగుతన్నావు” అన్నారావిడ.

నాయుడుగారి భార్య తలుపు తీసి, పొయ్యి మీద నీళ్లు పెట్టింది. ఆ తల్లి రుణం తీర్చుకోలేను. ఆ మంచం మీదే నా కూతురు పుట్టింది. కేరుమని ఏడ్చింది.

పురుడు జరిగిన మంచం ఇక ఆ ఇంట్లో ఎవరికీ పనికిరాదు. మూడుసార్లు అడిగినా కదలనిది మైలతో కదిలింది. మర్నాడు వాన వెలిసి, గదిలో నీళ్లు తోడేశాక, నాయుడుగారి పాలేర్లే నన్నూ బిడ్డనూ మంచంతో సహా మోసుకెళ్లారు. వెనకే డబ్బా, పెట్టె. ముందు నడుస్తున్న సీతారావమ్మగారు వెనక్కి తిరిగి నవ్వారు.

“మెల్లగా బాబూ, ఆసుపత్రిని మోస్తన్నారు.”

ఏడాది తిరక్కుండా ఆవిడని బదిలీ చేయించేశారు. మంచాన్ని మాత్రం ఎవరూ వెనక్కి తీసుకెళ్లలేకపోయారు.

మొన్న ఆసుపత్రిలో ఆయా “మంచాల్లేవు” అని, ఆ కూతురి కూతురికి వరండాలో చాప చూపించింది. పక్కనే తాళం వేసిన గది. కిటికీలోంచి చూస్తే కొత్త మంచాలు వరసగా ఉన్నాయి. గ్రాంటులో వచ్చాయట, ఇంకా ప్రారంభోత్సవం కాలేదట.

“ప్రారంభోత్సవం మా పిల్ల సేస్తాది. తాళం తియ్యి” అన్నాను.