అక్క పాడని కల్యాణి

వయొలిన్‌లో డిప్లొమా చేతికొచ్చిన ఏడాది వేసవిలో ఖోర్ ఫక్కాన్‌లో ఉన్న మా అక్క దగ్గరికి వెళ్ళాను. బావకి అక్కడి రేవులో ఉద్యోగం. అక్కకి అప్పుడు అయిదో నెల. మా అమ్మ మాత్రం వీధంతా "దుబాయ్ వెళ్ళింది" అని చాటింపు వేసింది. దుబాయ్‌కీ ఖోర్ ఫక్కాన్‌కీ మధ్య ఎన్ని కొండలున్నాయో ఆవిడకేం తెలుసు పాపం!

నేను కోపంతో వెళ్ళాను, అది అసలు సంగతి. చివరి పరీక్షలో కల్యాణి ఆలాపన చేస్తుంటే, పరీక్ష పెట్టడానికొచ్చిన పెద్దాయన మధ్యలో చెయ్యెత్తి, "ఎవరి కోసం అమ్మా ఆగుతున్నావు? పక్కవాద్యానికైతే పనికొస్తావులే" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. అయితే ఆయనన్నది నిజమే. చిన్నప్పటినుంచీ అక్క పాడేది, నేను పక్కన కూర్చుని వాయించేదాన్ని. తను ఒక ముక్క పాడి ఆగితే నేను అందుకునేదాన్ని, నేను ఆగితే తను అందుకునేది. పెళ్ళయి అక్క వెళ్ళిపోయినా ఆ అలవాటు నా చేతిని వదల్లేదు. ఒక ముక్క వాయించగానే కమాను దానంతటదే ఆగిపోయేది.

ఆగస్టులో పై చదువుకి ఎంపిక ఉంది. అక్కడ ఎవరి ఆసరా లేకుండా ఒక రాగం మొత్తం వాయించాలి. అది దక్కకపోతే నా సంగీతం అక్కడితో సరి.

బావ లెక్క వేరు. మొదటి శుక్రవారం, సెలవు కదా, తీరిగ్గా టీ తాగుతూ మొదలుపెట్టాడు.

"ఇక్కడ మనవాళ్ళ బళ్ళో మ్యూజిక్ టీచర్ కావాలంట. ఆ బడి ముదీర్‌తో, అదే ప్రిన్సిపాల్‌తో, మాట్లాడేశాను. నువ్వు ఊఁ అంటే యల్లా, వచ్చే వారమే చేరిపోవచ్చు. మీ అక్కకీ తోడుంటావు."

"నన్నొక్క మాట అడగరా బావా? నేనేమన్నా మీ రేవులో దిగిన పెట్టెనా, ఎక్కడ దింపితే అక్కడ పడుండడానికి?" అని లేచిపోయాను.

వంటింట్లో ఉన్న అక్క ఉండమనలేదు, వెళ్ళమనలేదు. బావ డ్యూటీకి వెళ్తే సాయంత్రందాకా తెలుగు మాట వినబడని ఇల్లది. పక్కింటి మలయాళీ నర్సుతో వచ్చీరాని హిందీ రెండు ముక్కలు, అంతే. ఆ సంగతి తలుచుకుంటే నా కోపం నీరుగారిపోయింది.

మర్నాడు ఏసీ కట్టేసి సాధనకి కూర్చున్నాను. అది మోగుతుంటే శ్రుతి వినబడదు మరి. ఒక ముక్క వాయించి అలవాటుగా ఆగాను. వంటింట్లోంచి అక్క గొంతు అందుకుంది! పెళ్ళయ్యాక తన పాట వినడం అదే మొదటిసారి. కూర మాడిపోతున్నా పట్టించుకోలేదు ఇద్దరం. ఆ వారమంతా అదే వరస. అక్క మొహం చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

"నేనెక్కడికీ వెళ్ళనే అక్కా. ఆ బళ్ళోనే చేరతాను" అన్నాను.

అక్క నవ్వలేదు. "పరీక్షలో ఆయనేమన్నాడో మళ్ళీ చెప్పు" అంది. చెప్పాను.

మర్నాటినుంచి తనే ఏసీ కట్టేసి, ఆ పొట్టతో, ఆ ఉక్కలో నా ఎదురుగా వచ్చి కూర్చునేది. నేను ఆగితే మాత్రం నోరు విప్పేది కాదు.

"పాడవేంటే?"

"పాడను. నువ్వే ముందుకెళ్ళు."

"గొంతు పోయిందా?"

"పోయిందనే అనుకో."

అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు కమానుని తీగల మీద గట్టిగా రుద్దేదాన్ని. అక్క చెమట తుడుచుకుంటూ వినేది. కొన్నాళ్ళకి ఆగడం తగ్గింది. ఒక శుక్రవారం గుమ్మంలో నిలబడి విన్న బావ, "ఖలాస్. నువ్వు రావని బళ్ళో చెప్పేస్తాలే" అన్నాడు. మంచివాడే, నోరే తొందర.

ప్రయాణం ముందు సాయంత్రం కల్యాణి మొదలుపెట్టాను. ఎక్కడా ఆగలేదు. పై షడ్జం దాకా వెళ్ళాక నాకే తట్టుకోలేనంత దుఃఖం వచ్చింది. రేపటినుంచి ఈ ఇంట్లో అక్క ఎవరితో పాడుతుంది? రాగంలో ఆ చోటంటే తనకి ప్రాణం. అందుకని అక్కడ కావాలనే ఆపి, పాడవే అన్నట్టు తన వైపు చూశాను.

అక్క పెదవులు విచ్చుకున్నాయి. గొంతు కదిలింది. అంతలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల అడ్డంగా ఊపి, రెండో చేత్తో "కానీ, కానీ" అని సైగ చేసింది.

మిగతా రాగమంతా ఏడుస్తూ నేనొక్కదాన్నే వాయించాను.