గాజు పలకల మధ్య తడి

మహబూబ్‌నగర్‌లో ఎమ్మెస్సీ అయ్యాక అక్కడి భౌతికశాస్త్ర ప్రయోగశాలలోనే సహాయకురాలిగా చేరాను. ఆకాశం నుంచి పడే కణాలను పసిగట్టే పెట్టె ఒకటి మా సార్ తయారు చేయిస్తున్నారు. రెండు గాజు పలకలను సన్నటి సందు వదిలి అతికించి, ఆ సందులో ఒక వాయువును ఎడతెగకుండా పారిస్తారు. పలకలకు వేల వోల్టుల విద్యుత్తు ఇస్తారు. వాయువులో తడి చేరితే విద్యుత్తు కారడం మొదలై గాజు పాడవుతుంది. అందుకే గంటకోసారి మీటరు చూసి, తడి ఎంతుందో పుస్తకంలో రాయాలి. ఆ పని నాది.

ముసురు పట్టిన రోజులవి. ఒక ఉదయం వెళ్ళేసరికి సార్ పెట్టె ముందు నిలబడి ఉన్నారు. కారే విద్యుత్తు ముందురోజుకు మూడింతలైంది. తెల్లవారుజామున కరెంటు పోయి రావడంతో తడి మీటరు ఇంకా కుదురుకోలేదు, దాని అంకెను నమ్మడానికి లేదు. సార్ వోల్టేజీ దింపేసి నా పుస్తకం తిప్పారు.

"నిన్న పొద్దంత తడి పెరగలే. గ్యాసు మంచిగనే ఉంది. అంటే లోపల గాజే పగిలింది," అన్నారు. మేమంతా కాక అని పిలిచే అటెండర్‌ను అతుకు కోసే బ్లేడు తెమ్మన్నారు.

ముందురోజు మధ్యాహ్నం నేను అక్కడ లేను. ఊళ్ళో గొర్లు కాసే మా అమ్మ మోకాలు వాచి, బస్సెక్కి వచ్చింది. ఎవరికీ చెప్పకుండా ఆమెను దవాఖానకు తీసుకెళ్ళాను. ఎక్స్‌రే తీయించి వచ్చేసరికి నాలుగు దాటి, ప్రయోగశాల మూసే వేళయింది. మీటరు చూడకుండానే పొద్దుటి అంకెనే కాస్త అటూ ఇటూ మార్చి నాలుగు గళ్ళు నింపేశాను.

ఒకసారి కోస్తే ఆ పెట్టె మళ్ళీ పనికిరాదు. మూడు నెలల కష్టం. గాజు నిజంగానే పగిలి ఉండవచ్చు కదా, నోరు మూసుకుంటే సరిపోదా అనుకున్నాను. కాక బ్లేడు తెచ్చి బల్ల మీద పెట్టాడు. సార్ చేతులకు తొడుగులు వేసుకుంటున్నారు.

"సార్, కోయకుండ్రి," అన్నాను. ఆయనకు వినపడలేదు. మళ్ళీ అన్నాను. "నిన్న మధ్యాహ్నం నేను లేను సార్. అమ్మను దవాఖానకు తీస్కపోయిన. గా నాలుగు అంకెలు చూసి రాసినయి కావు."

సార్ బ్లేడు పక్కకు జరిపారు. తొడుగులు తీసేశారు.

"చెప్తే నేనే పంపుతుంటి గద," అన్నారు.

అప్పుడు కాక మెల్లగా నోరు విప్పాడు. "సార్, నిన్న మధ్యాహ్నం ఊడ్చేటప్పుడు కిటికీ కాడి బల్ల నేను జరిపిన. పైపు ఏమన్న కదిలిందేమో."

సబ్బు నురగ రాసి, వాయువు వచ్చే గొట్టం పొడుగునా వెతికాం. కిటికీ దగ్గరి అతుకులో బుడగలు లేచాయి. రబ్బరు చిట్లి ఉంది; ముసురు గాలిలోని తడి అక్కడి నుంచే లోపలికి చేరింది. కొత్తది బిగించి, పొడి వాయువును ఆపకుండా పంపాం. మూడో రోజుకు కారే విద్యుత్తు పాత అంకెకు దిగింది. గాజుకేమీ కాలేదు.

సార్ నన్ను తిట్టలేదు. కానీ నెల రోజులు ఆ పుస్తకం నా చేతికివ్వలేదు. నేను మూలన కూర్చుని తీగలు అతికించేదాన్ని. మీటరు చూసిన వాళ్ళు అంకె పైకి చదువుతుంటే తల ఎత్తబుద్ధయ్యేది కాదు.